ఒంటిస్తంభం గారి చివరి ఫారం

“ఒంటిస్తంభం గారూ! ఓ ఒంటిస్తంభం గారూ! మీ గొడుగండీ!” అని అరుచుకుంటూ టీ కొట్టతను వీధి చివరిదాకా పరిగెత్తేవాడురా అబ్బాయ్. ఆయన తిరిగితేనా? మెడలో ఇనప కడ్డీ దిగ్గొట్టినట్టు తిన్నగా పోయేవాడు. ఎందుకంటే, వెనక్కి తిరిగి చూసేవాడు మనిషే కాదని ఆయన రాసిన పుస్తకంలో ఉందిగా మరి! పాపం టీ కొట్టతను వగర్చుకుంటూ ఆయన్ని దాటి ముందుకెళ్లి, ఎదురుగా నిలబడి, గొడుగు చేతిలో పెట్టేవాడు. “ఎదురొచ్చింది కాబట్టి పుచ్చుకుంటున్నాను” అనేవాడు మహానుభావుడు. గొడుగే కాళ్లొచ్చి ఆయన్ని వెతుక్కుంటూ వచ్చినట్టు! నువ్వడిగింది ఆయన్ని కళ్లారా చూశానా అనేగా? చూడ్డమేమిట్రా, ఆయన పుస్తకంలో ప్రతి కాయితమూ ఈ వేళ్ల కిందనుంచే పోయింది. కూర్చో. ఆ సంచీ భుజానికి వేలాడేసుకుని కూర్చుంటావేం, కింద పెట్టు, దాన్నెవరూ ఎత్తుకుపోరు. టీ చల్లారుతోంది. అదిగో, ఫోను మోగుతోంది చూడు. మీ అమ్మా? ఎత్తవా? సరే, నీ ఇష్టం. నాకెందుకు.

నాకు నవ్వొస్తుందిరా. ఇరవై రెండేళ్లుగా నీ మొహం నేను చూసింది లేదు. పొద్దున్నే తలుపు కొట్టి, “అమ్మమ్మా, నేను మీ చెల్లెలి మనవణ్ణి” అన్నావు. ఎవరో మందులమ్మేవాడు అనుకున్నాను. మీ వాళ్లెవరూ గడప తొక్కని ఇల్లు ఇదొక్కటే కాబట్టి, ఇక్కడైతే ఎవరూ వెతకరని వచ్చావు. తెలివైనవాడివే. పైగా నేనంటే గౌరవమట! “మన వంశంలో ఒంటరిగా నిలబడింది మీరొక్కరే అమ్మమ్మా” అన్నావు చూడు, ఆ మాటకి మురవాలో ఏడవాలో తెలీక లేచి టీ పెట్టాను. ఇంట్లో చీటీ పెట్టి వచ్చావటగా, ‘వెళ్తున్నాను, వెనక్కి తిరగను’ అని. అది ఆ పుస్తకం ఆఖరి వాక్యం కాదూ? తన కాళ్ల మీద తాను నిలబడేవాడు, అరువు మాట పెట్టి ఇల్లు వదుల్తాడట్రా? సొంతంగా రెండు ముక్కలు రాసుకోలేకపోయావా? కోపం తెచ్చుకోకు. ముసలిదాన్ని, నోరు ఊరుకోదు. మీ అమ్మమ్మకి ఇంతకన్నా పెద్ద నోరు, నీకేం తెలుసు.

మాది బైండింగ్ షాపు. షాపంటే ఏముంది, రేకుల షెడ్డు. అచ్చాపీసు నుంచి దుప్పటంతేసి కాయితాలు వచ్చేవి. ఒక్కో కాయితం మీద పదహారు పేజీలు, కొన్ని తిన్నగా, కొన్ని తలకిందులుగా. దాన్ని ఫారం అంటారు. మూడు మడతలు పెట్టి, చెక్క ముక్కతో గీరామంటే పేజీలన్నీ వరసలో పడతాయి. అలాంటి ఫారాలు ఒకదాని మీద ఒకటి పేర్చి, కుట్టి, వెన్నుకి జిగురు పూసి, అట్ట వేస్తే పుస్తకం. నేనూ మీ అమ్మమ్మా పొడుగు బల్లకి అటొకరం ఇటొకరం కూర్చుని మడతలు పెట్టేవాళ్లం. పక్కన అంచులు కోసే మిషను మీద మీ తాత. నేను చదివింది ఐదో క్లాసే, కానీ మడుస్తూ మడుస్తూ ప్రతిదీ చదివేసేదాన్ని. ఒక ఫారంలో పెళ్లవుతుంది, మర్నాడు మడిచిన ఫారంలో పిల్ల ఇంకా బడికెళ్తూ ఉంటుంది. కథ వరసలో చదివింది ఒక్కటీ లేదు. మీ అమ్మమ్మ చదివేది కాదు, నాతో చెప్పించుకునేది. “ఏమైందే అక్కా? వాడు చచ్చాడా, బతికాడా?” అని చేతులు ఆడిస్తూనే అడిగేది.

ఆయన అప్పటికింకా ఒంటిస్తంభం కాదు. లెక్కల మాస్టారు ఉద్యోగం మానేసి నవల రాసిన బక్క మనిషి. ఓ రోజు షెడ్డుకొచ్చాడు, పుస్తకం ఎంతవరకూ వచ్చిందో చూసుకుందామని. మా మేస్త్రీ ఆయనకి కుర్చీ తుడిచి వేశాడు. ఈయన మమ్మల్ని అందర్నీ ఓసారి కలయజూసి, “ఇవి చేతులు. తల మాత్రం నాది” అన్నాడు. మేస్త్రీ “చిత్తం చిత్తం” అన్నాడు. మీ అమ్మమ్మ మడుస్తున్న ఫారం మీంచి తలెత్తకుండా, “చేతులు లేని తలకాయ కుండలాగా దొర్లుతుందండీ, జాగ్రత్త” అంది. మేస్త్రీకి చెమటలు పోశాయి. ఆయన మాత్రం నవ్వాడు. అప్పట్లో నవ్వేవాడులే. తర్వాత్తర్వాత నవ్వు కూడా ఇతరుల మీద ఆధారపడ్డమే అని మానేశాడు.

నవల సంగతి నీకు నేను చెప్పాలా, నీకు కంఠతా వచ్చుగా. గడియారాలు బాగుచేసేవాడు. తమ్ముడితో కలిసి ఒకటే కొట్టు. తగవు పడి, ‘వెళ్తున్నాను, వెనక్కి తిరగను’ అని తలుపు లాగేసి పోతాడు. అక్కడితో నలభయ్యో ఫారం అయిపోతుంది, సరిగ్గా పేజీ అడుగున. కానీ నలభై ఒకటోది ఉందిరా. ఆ, ఉంది. అలా చూడకు, టీ ఒలుకుతుంది. నలభై ఒకటో ఫారం అచ్చయి మా షెడ్డుకొచ్చింది, ఐదు వందల కాయితాల కట్ట. అప్పుడే వానలు. రేకుల్లో చిల్లు. కట్ట తడిసి ముద్దయిపోయింది. మేస్త్రీకి చదువు అంతంత మాత్రం, అచ్చాపీసు వాళ్లంటే హడలు. “ఇది లేకపోతే కథ తెగినట్టుంటుందా అమ్మాయ్?” అని నన్నడిగాడు. నలభయ్యోది చూపించి, “తెగదు, ముగిసినట్టే ఉంది” అన్నాను. అంతే. నలభైతో కుట్టేశారు. ఐదు వందల పుస్తకాలూ అట్ట వేసిన రోజే దుకాణాలకి పోయాయి.

ఆయన వచ్చాడు చూడు మర్నాడు, తోక తొక్కిన తాచులాగా! “నా ఆఖరి అధ్యాయం ఏదిరా?” అని మేస్త్రీ చొక్కా పట్టుకున్నాడు. కోర్టుకీడుస్తానన్నాడు, షెడ్డుకి తాళం వేయిస్తానన్నాడు. మేస్త్రీ కాళ్ల మీద పడ్డాడు, మళ్లీ అచ్చేయించి అతికిస్తానన్నాడు. ఇంకో వారం తిరిగేసరికి పత్రికలు మొదలెట్టాయి. “ఏమి ముగింపు! ఎంత సాహసం! మమకారాన్ని చెప్పులా విడిచి నడిచిన తొలి మనిషి!” అని ఒకటే మోత. మళ్లీ వచ్చాడు మాస్టారు. ఈసారి పిల్లిలాగా. మేస్త్రీ చెవి దగ్గరికి వంగి, “ఉన్నది ఉన్నట్టే ఉండనీ” అన్నాడు. ఇంటికెళ్లి ఆఖరి అధ్యాయం రాతప్రతి పొయ్యిలో పెట్టాడట. నా పుస్తకంలో కామా కూడా ఇంకొకడు ముట్టుకోకూడదన్నవాడు, పదహారు పేజీలు పోతే ‘అదే నా ఉద్దేశం’ అన్నాడు! ఇదిరా నీ తత్వవేత్త.

ఇక అక్కణ్ణించి ఉపన్యాసాలు. మనిషికి మనిషే సంకెల. నాకు నేను చాలు. ఒంటి స్తంభం మీద మేడ నిలబడగలిగినప్పుడు మనిషి నిలబడలేడా, అని బల్ల గుద్దేవాడు. ఆ పేరు అలా వచ్చిందే. ఒరేయ్, ఆ స్తంభం పడిపోకుండా చుట్టూ ఎంతమంది కర్రలు ఆనించారో నీ పుస్తకంలో ఉందా? పొద్దున కాఫీ పక్కింటావిడ. మధ్యాహ్నం క్యారేజీ ఎదురింటావిడ. ఉపన్యాసం సాఫుగా రాసిపెట్టడానికి ఓ శిష్యుడు, దాన్ని మెచ్చుకోవడానికి ఇంకో నలుగురు. ‘ఎవరికీ శిష్యుడు కావొద్దు’ అని చెబితే, ఆ ముక్క రాసుకోవడానికి పదిమంది శిష్యులు! సూదిలో దారం ఎక్కించడం రాదు మనిషికి. చొక్కాలు కుట్టింది ఎవరనుకున్నావ్? తమ్ముడు. సొంత తమ్ముడు, దర్జీ. రెండు వీధులవతల కొట్టు. నవలకి ముందే ఇద్దరికీ ఏదో తగవు, మాటల్లేవు. అయినా కొలతలు గుర్తే కాబట్టి, ఏడాదికి రెండు చొక్కాలు కుట్టి టీ కొట్లో ఇచ్చిపోయేవాడు. ఈయన తొడుక్కునేవాడు. ఒకసారి ఆ తమ్ముడు ఉపన్యాసానికొచ్చి వెనక వరసలో నిలబడ్డాడు, నేను చూశాను. వేదిక మీద ఈయన చూపు అతని మీద పడింది. పడి, గోడ మీదకి పోయింది. తమ్ముడు కుట్టిన చొక్కా వేసుకునే, రక్తసంబంధం ఒక అలవాటు మాత్రమే అని చెప్పాడు. జనం చప్పట్లు. నాకు ఒళ్లు మండిపోయింది.

మళ్లీ మోగుతోందిరా. ఇది రెండోసారి. సరే, నేనేం అనలేదుగా.

ఆఖర్లో ఆయన మా ఇంటికొచ్చాడు. ఇదే కుర్చీ. షెడ్డు ఎప్పుడో మూసేశారు, మేస్త్రీ పోయాడు. చూపు మందగించింది, కర్ర పట్టుకుని తడుముకుంటూ వచ్చాడు. మంచినీళ్లడిగాడు. తాగి, చాలాసేపు గ్లాసు కింద పెట్టలేదు. “అమ్మాయ్, ఆ నలభై ఒకటో ఫారం... ఒక్కటంటే ఒక్కటి ఎక్కడైనా మిగిలిందా?” అన్నాడు. నాకు అరవై దాటాయి, ఇంకా అమ్మాయ్ ఏమిటి! ఎందుకండీ ఇప్పుడు అన్నాను. “తమ్ముడికి చూపించాలి. అది వాడి కోసం రాసింది. నేను రాశానని వాడికి తెలీదు” అన్నాడు. కాయితం ఎందుకయ్యా నీకు, నోరు లేదా? రెండు వీధులు నడిచి తలుపు కొట్టి చెప్పొచ్చుగా! లోకమంతటికీ ఉపన్యాసాలిచ్చిన నోటికి ఆ రెండు ముక్కలు బరువైపోయాయా? అలా అడగాలనుకున్నాను. అడగలేదు. “వానకి పోయిందండీ” అన్నాను. తలూపి, లేచి వెళ్లిపోయాడు. గుమ్మం దగ్గర వెనక్కి తిరిగి చూశాడురా. నేను చూశాను. తిరిగి చూశాడు.

నెల తిరక్కుండా పోయాడు. తనకు తానే చాలన్నవాడు కాటికి తనే నడిచిపోలేదుగా, నలుగురు కావాల్సొచ్చింది. శిష్యులందరికీ ఆ రోజు ఏవో పనులు పడ్డాయి. స్వతంత్రులు కదా! టీ కొట్టతను, అతని కొడుకు, ఎదురింటాయన, నాలుగోవాడు ఆ దర్జీ తమ్ముడు. భుజం మార్చుకోకుండా చివరిదాకా మోశాడు. అయ్యాక నాతో అన్నాడు, “మా అన్న మాట మీద నిలబడే మనిషండీ. తిరగనన్నాడు, తిరగలేదు” అని. మెచ్చుకోలుగా అన్నాడురా! నలభై ఒకటో ఫారం సంగతి నేను చెప్పలేదు.

ఏముంది ఆ పదహారు పేజీల్లో అంటావా? గడియారాలవాడు పదేళ్లకి వెనక్కొస్తాడు. వచ్చి తమ్ముడి తలుపు కొడతాడు. పధ్నాలుగు పేజీలు తలుపు ముందే. లోపల్నించి ఎవరని అడిగితే పేరు చెప్పుకోలేక, “నేనేరా” అంటాడు. “నాదే తప్పు. నువ్వు దీపం పట్టుకోకపోతే నా చేతుల్లో ముల్లు కుదురుకోవడం లేదు” అంటాడు. ఆఖరి పేజీలో తమ్ముడు తలుపు తీస్తాడు. అంతే. మాటలు కూడా ఉండవు. తలుపు తీస్తాడు.

అది మడుస్తూ చదివాను నేను. ఎదురుగా మీ అమ్మమ్మ కూర్చునే చోటు ఖాళీ. అప్పటికి మూడు వారాలైంది అది మీ తాతని పెళ్లి చేసుకుని. దాన్ని పెంచింది నేను, తల దువ్వింది నేను, బల్ల దగ్గర పని నేర్పింది నేను. పెళ్లి చేసుకున్నందుకు కాదురా నా కోపం, మీ తాత మంచివాడే. నాకు చెప్పలేదు. ఆ కబురు నాకు టీ కొట్టతను చెప్పాడు, గ్లాసు చేతికిస్తూ. అదంతా కడుపులో ఉండగా ఈ మాస్టారెవడో తలుపు తీయిస్తున్నాడు! ఎవడడిగాడు నిన్ను తీయించమని?

వాన కురిసిందిరా, అబద్ధం కాదు. కట్ట మీద కురవలేదు. మేస్త్రీ టీకి వెళ్లినప్పుడు ఐదు వందల ఫారాలూ జిగురు కలుపుకునే నీళ్ల తొట్టిలో నేనే ముంచాను. ముంచి, పైన రేకుల చిల్లు చూపించాను. నువ్వు గుండెలకి హత్తుకుని తిరుగుతున్నావే, ఆ ఆఖరి వాక్యం ఆయన అన్నది కాదు. నేను అక్కడ ఆపింది. ఒంటిస్తంభాన్ని నిలబెట్టింది నేనే. ఇన్నేళ్లూ ఆయన్ని ఆడిపోసుకున్నది కూడా నేనే.

మోగుతోంది. మూడోసారి. ఇటు చూడు, ఫోను వైపు కాదు, నావైపు. మీ అమ్మమ్మ పోయిన కబురు కూడా నాకు ఆ టీ కొట్టు మీదుగానే వచ్చింది, అతని కొడుకు చెప్పాడు. మీ ఇంట్లో నా గురించి ఏమని చెప్పుకుంటారు? అమ్మమ్మ అక్క ఇంటికి మూడుసార్లు వెళ్లింది, అక్క ఊళ్లో లేదు, అంతేనా? అదేగా మీ అమ్మ చెప్పింది? మీ అమ్మమ్మ అలాగే చెప్పి ఉంటుంది, నా పరువు కాపాడ్డానికి. మూడోసారి వచ్చినప్పుడు మీ అమ్మని ఎత్తుకుని వచ్చింది, చంటిపిల్ల, ఏడుపు వినబడింది. “అక్కా, ఉన్నావా?” అంది. ఉన్నానురా. తలుపుకి ఇవతలే, గడియ మీద చెయ్యేసి నిలబడే ఉన్నాను.