మేడం చెప్పిన మొక్కు

నల్లగొండ దవాఖానలో పిల్లలకు మాటలు నేర్పే గదిలోకి కేతేపల్లి నుంచి ఒక తల్లి ఏడాది తర్వాత మళ్లీ బిడ్డను వెంటబెట్టుకొని వచ్చింది. బిడ్డ చెవికి వినికిడి మిషన్ ఉంది, నోట మాత్రం మాట లేదు. నెల కిందటే పెళ్లయిన థెరపిస్టు ముఖంలో నవ్వు వాళ్లను చూడగానే సగంలో ఆగిపోయింది.

"లగ్గమైనట్టుంది మేడం! మెడల పసుపుతాడు పచ్చగ మెరుస్తాంది."

"అయిందమ్మా. నువ్వేడికి పోయినవ్? మూడేండ్ల పిల్లను రోజూ తీస్కరమ్మంటి. ఇప్పుడు నాలుగు నిండినయ్ గదా!"

"మీరే గద మేడం, నర్సన్న దేవునికి మొక్కుకో, అంతా ఆయనే చూసుకుంటడు అన్నరు."

థెరపిస్టుకు గుర్తొచ్చింది. ఆ రోజే తన సంబంధం ఖాయమైంది. కాళ్లు నేల మీద లేవు. ఏడుస్తున్న తల్లిని ఊరడించాలని ఆ సంబరంలో నోటికొచ్చిన మాట అది.

"మొక్కుకొమ్మన్న గని, ఇటు రావొద్దన్ననా?"

"మొక్కినంక మళ్ల దవాఖానకొస్తే దేవుణ్ని నమ్మనట్టే గద. చదువుకున్న మేడమే చెప్పిందాయె, ఇంక ఫికరేంది అనుకున్న."

"అయ్యో... మాటలు నాటుకునే వయసు పోతాందమ్మా."

"మొత్తమే పోయిందా?"

"మొత్తం పోలే. కష్టమైతది. రేపటి సంది రోజూ రావాలె."

"మరి నర్సన్న కోపానికి రాడా? రాడని మీరొక్క మాట చెప్పుండ్రి మేడం, పొద్దుగాల్నే వస్త."

ఈ గదిలో ఇంకెప్పుడూ దేవుని పేరెత్తకూడదని ఆమె ఆ క్షణానే ఒట్టు పెట్టుకుంది. బిడ్డ తల్లి కొంగు పట్టుకొని వాకిలి దిక్కు లాగుతోంది.

"కోపానికి రాడమ్మా. నేను చెప్తున్న, తీస్కరా."