చెన్నైలో ట్రైనింగ్

అబిడ్స్‌లో ఒక ఫిజియోథెరపీ క్లినిక్. వరండాలో చక్రాల కుర్చీలో మల్లేశ్వరరావు, పక్కన బెంచీ మీద ఆయన భార్య నాగవల్లి. ఉదయం పదిన్నర.

"ముక్కు మీద చర్మం లేచిపోతోంది, చూసుకున్నావా వల్లీ?"

"చెన్నై ఎండ కదండీ."

"ట్రైనింగ్ హాల్లో ఏసీ ఉందన్నావు."

"ఉంది. మధ్యాహ్నం భోజనానికి బయటికి వెళ్ళేవాళ్ళం. ఆ కాస్త దూరానికే..."

"ఆ కాస్త దూరానికే."

"ఏంటండీ, పొద్దున్నుంచి నా ముక్కు పట్టుకున్నారు! పాదం జారుతోంది చూడండి. ఉండండి, నేను సరిగ్గా పెడతాను."

"వద్దులే. ఉండనీ."

"వద్దంటారేంటి? కిందికి వేలాడితే మళ్ళీ వాపు వస్తుంది."

"నమస్తే అంకుల్! అరె, ఇయ్యాలేంది గిట్ల బండిల..."

"మా ముందు ఎంతమంది ఉన్నారమ్మా మనస్వినీ?"

"ఇద్దరున్నరు అంకుల్. డాక్టర్ సాబ్ జర లేటుగ వచ్చిన్రు. ఆంటీ, ఊరికెళ్ళి ఎప్పుడొచ్చిన్రు?"

"నిన్న పొద్దున్నేనమ్మా, నాంపల్లిలో దిగాను. నేను లేనప్పుడు శ్రీహరి అని ఒకాయన ఈయన్ని టైముకి తీసుకొచ్చాడా ఇక్కడికి?"

"ఎవరు, శ్రీ..."

"మనస్వినీ, లోపల ఫోన్ మోగుతున్నట్టుందమ్మా."

"ఔ, ఔ. కూసోండ్రి అంకుల్, నంబర్ రాంగనే పిలుస్త."

"మంచి పిల్ల. నేనెప్పుడూ ఈ బెంచీ మీదే కూర్చుంటానా, పాపం వచ్చి పలకరించి పోతుంది. ఏమండీ, శ్రీహరి బాగానే చూసుకున్నాడా? ఫోన్లో ఊ, ఆ అనడం తప్ప మీరు ఒక్క ముక్కా చెప్పలేదు."

"నీ ఫోన్ కలిసింది రెండుసార్లే కదా."

"ఆ హాస్టల్లో సిగ్నల్ ఉండి చావదు."

"సముద్రంలో ఎలా ఉంటుంది?"

"ఏంటి?"

"సముద్రం మధ్యలో సిగ్నల్ ఉండదు వల్లీ."

"ఏ సముద్రం? చెన్నైలో సముద్రం ఉంటుంది గానీ, మా హాస్టల్ ఎక్కడో..."

"సౌభాగ్య ఫోన్లో స్టేటస్ పెట్టింది, నువ్వు రైలెక్కిన రెండో రోజు. మీ ఆఫీసు వాళ్ళు నలుగురూ ఓడ కమ్మీ పట్టుకుని నిలబడ్డారు. వెనకాల అంతా నీళ్ళు. నువ్వు నీలం చీరలో ఉన్నావు. కొంగు ఎగిరి సగం మొహం కప్పేసింది. అయినా నువ్వేనని తెలిసింది."

"పెట్టొద్దన్నాను దాన్ని. ఒట్టు పెట్టించుకున్నాను."

"తర్వాత తీసేసిందిలే. నేను చూశాక తీసేసింది."

"అంటే రెండో రోజుకే తెలుసా మీకు? తెలిసి కూడా, వైజాగ్ నుంచి ఫోన్ చేస్తే, ట్రైనింగ్ ఎలా ఉంది అని అడిగారా?"

"అడిగాను."

"కంప్యూటర్లు నేర్పుతున్నారని చెప్పాను నేను."

"పరీక్ష కూడా పెట్టారన్నావు."

"అయ్యో. అయ్యో, ఏమండీ..."

"ఏడవకు. నలుగురూ చూస్తారు."

"చూడనీండి. సౌభాగ్య రిటైరవుతోంది కదా, సెక్షన్ వాళ్ళం నలుగురం కలిసి ఎక్కడికైనా వెళ్దామంది. ఓడ అంది. చెన్నైలో ఎక్కితే వైజాగు, పాండిచ్చేరి తిప్పి మళ్ళీ చెన్నైలోనే దింపుతారు. నేను రానన్నాను. మూడుసార్లు రానన్నానండీ. నాలుగోసారి ఎందుకో నోరు పెగల్లేదు."

"నాతో చెప్తే వద్దనేవాడినా?"

"అనరు. అదే కదా. 'వెళ్ళు వల్లీ' అంటారు. ఈ కుర్చీలో కూర్చుని వెళ్ళు అంటారు. అప్పుడు నా కాలు గడప దాటుతుందా? ట్రైనింగ్ అయితే ఆర్డరు. ఆర్డరొస్తే వెళ్ళక తప్పదని నాకు నేనే చెప్పుకున్నాను. సంచి సర్దుకునేటప్పుడు కూడా అదే అనుకున్నాను, నిజంగానే ఆర్డరొచ్చినట్టు."

"సరే. ఏం బాగుంది?"

"ఏంటి బాగుండేది?"

"ఓడలో. ఏం బాగుంది?"

"ఇప్పుడా ఆ మాట?"

"జనం అంతంత దూరం పోయి ఎక్కుతారు కదా. చుట్టూ నీళ్ళు తప్ప ఏముంటుంది అందులో?"

"ఉంటాయి. పదకొండు అంతస్తులు. పైన ఈతకొలను. సాయంత్రం మ్యాజిక్ చేస్తారు, పాటలు పాడతారు. భోజనానికి ఎన్ని రకాలో..."

"అవన్నీ వాళ్ళ కాగితం మీద అచ్చేసి ఉంటాయి. నీకేం బాగుంది అంటున్నాను."

"నాకేం బాగుంటుంది? మీరిక్కడ ఇలా ఉంటే?"

"వల్లీ."

"ఏమీ బాలేదు. ఎక్కడ చూసినా క్యూలు. పిల్లల గోల."

"ఫొటోలో నవ్వుతున్నావు."

"ఫొటో అంటే నవ్వమంటారు కదండీ."

"అలా కాదు. నువ్వు ఫొటోకి నవ్వితే నాకు తెలుసు. అది వేరే నవ్వు. చెప్పు."

"చెప్తే అసహ్యించుకుంటారు నన్ను."

"చెప్పు."

"నిద్ర. ఓడెక్కిన మర్నాడు తెల్లవారుజామున నాలుగింటికి ఠక్కున లేచి కూర్చున్నాను. మిమ్మల్ని ఒక పక్క నుంచి ఇంకో పక్కకి తిప్పే వేళ. మంచం సన్నగా ఊగుతోంది. పక్క మంచం మీద సౌభాగ్య గురక. తిప్పాల్సిన మనిషి లేరు. మళ్ళీ పడుకున్నాను. తొమ్మిదింటికి లేచాను, ఏమండీ. తొమ్మిదింటికి! ఈ నాలుగేళ్ళలో నాకు తొమ్మిది గంటల దాకా పక్క మీద ఉన్న రోజు గుర్తులేదు."

"ఇంకా?"

"టిఫిన్ దగ్గర దోసె తెచ్చుకున్నాను. దాన్ని చిన్న చిన్న ముక్కలు చేస్తూ కూర్చున్నాను, మీకు చేసినట్టు. ప్లేటు నిండా చేశాక చూసుకున్నాను, ఎవరికోసం చేస్తున్నానని. సౌభాగ్య పకపకా నవ్వింది. నేనూ నవ్వాను. ఆ ముక్కలన్నీ వదిలేసి ఇంకో దోసె తెచ్చుకుని, వేడివేడిగా, ఇంతింత తుంపులు తిన్నాను."

"మంచి పని చేశావు."

"మంచి పని అనకండి. తిట్టండి."

"తిట్టడానికేముంది? ఇంకా చెప్పు."

"మా బల్ల దగ్గర చాదర్‌ఘాట్ నుంచి వచ్చిన ఒకావిడ కూర్చునేది. మీవారు రాలేదా అని అడిగింది. మంచంలో ఉన్నారని చెప్పొచ్చు కదా? చెప్పలేదు. ఆయనకి అబిడ్స్‌లో పెన్నుల దుకాణం ఉందండీ, వదిలి రావడానికి తీరదు, పొద్దున్న పోతే రాత్రి దాకా రారు అన్నాను. ఇప్పుడూ తెరుస్తున్నట్టే. నడిచి తిరిగే మనిషిని చెప్పినట్టే చెప్పాను. అలా చెప్పడం కూడా బాగుంది నాకు."

"నడిచి తిరిగే మనిషినన్నావా?"

"ఏంటలా అయిపోయారు? నేను చెప్పనన్నాను. మీరే చెప్పమన్నారు."

"ఏం లేదు. చెప్పు."

"వైజాగ్ దాటాక సిగ్నల్ పోయింది. ముందు ఫోన్ ఎత్తి పట్టుకుని ఓడ ఈ చివర నుంచి ఆ చివరకి తిరిగాను. ఇక దొరకదని తెలిశాక బ్యాగులో పడేసి పైకెళ్ళి కూర్చున్నాను. అక్కడేమీ లేదండీ. నీళ్ళు, గాలి. ఎవరూ వల్లీ అని పిలవట్లేదు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా మీరు నాకు గుర్తు రాలేదు. ఒక్కసారి కూడా. దీపాలు పెట్టే వేళకి గుర్తొచ్చారు. గుర్తొస్తే ఏడుపు రావాలి కదా? రాలేదు. ఐస్‌క్రీమ్ తిన్నాను. రెండు తిన్నాను. అదీ ఓడలో బాగున్నది. చాలా? విన్నారా?"

"విన్నాను."

"ఇక్కడ మీరు పరాయి మనిషి చేత నీళ్ళు పోయించుకుంటుంటే, నేనక్కడ ఐస్‌క్రీమ్ తింటున్నాను."

"స్నానం సంగతి వదిలేయ్ వల్లీ."

"ఎలా వదిలేస్తాను? మీకు ఎంత సిగ్గో నాకు తెలీదా? నా దగ్గరే మొదటి ఏడాదంతా కళ్ళు మూసుకుని కూర్చునేవారు. శ్రీహరి వీపు రుద్దాడో లేదో, నీళ్ళు కాగనిచ్చాడో లేదో."

"బాగానే జరిగింది."

"జరిగింది అంటే?"

"జరిగింది అంటే జరిగింది."

"నామీద కోపం ఉంది మీకు. మాటలు ముక్కలు ముక్కలుగా వస్తున్నాయి. ఉండాలి లెండి, లేకపోతేనే తప్పు. అందుకే నేనొక పని చేశాను."

"ఏం పని?"

"రాజీనామా రాశాను."

"ఏంటీ?"

"నిన్న మధ్యాహ్నం మీరు పడుకున్నాక రాశాను. బ్యాగులో ఉంది. మిమ్మల్ని ఇంట్లో దింపి, గన్‌ఫౌండ్రీలో ఆఫీసుకెళ్ళి, ఆఫీసర్ చేతికిచ్చి వచ్చేస్తాను."

"నీకింకా ఏడేళ్ళ సర్వీసుంది."

"ఉండనీండి."

"ఆ ఆఫీసంటే ప్రాణం నీకు."

"ప్రాణమే. అందుకే. ఆఫీసనేది ఒకటుంది కాబట్టి నాకు అబద్ధం దొరికింది. అదే లేకపోతే ఏ ట్రైనింగని చెప్పి వెళ్తాను? మీ పక్కనే పడుంటాను. మళ్ళీ ఓడ అన్నా, బండి అన్నా నా చెవికెక్కదు."

"ఇవ్వకు ఆ కాగితం."

"ఇస్తాను."

"పది రోజులాగు."

"పది రోజులాగితే మనసు మారుతుంది. నా మీద నాకే నమ్మకం పోయిందండీ. రైలు దిగి మెట్లెక్కుతుంటే ఏమనిపించిందో తెలుసా? ఇంకో రెండ్రోజులుంటే బాగుండేదని. అలాంటిదాన్ని ఎలా నమ్ముతారు మీరు?"

"వల్లీ, నన్ను కనిపెట్టుకుని ఎవరూ ఉండక్కర్లేదు."

"మంచం దిగలేని మనిషి అనే మాటేనా అది?"

"శ్రీహరి లేడు."

"ఎక్కడికెళ్ళాడు?"

"అలా కాదు. మొదటి రోజు పొద్దున్న వచ్చాడు. నేనే పంపేశాను. మళ్ళీ రానివ్వలేదు."

"పంపేశారా? మరి ఆరు రోజులూ మిమ్మల్ని ఎవరు చూశారు?"

"ఎవరూ లేరు."

"ఎవరూ లేకుండా ఎలా? అన్నం?"

"వీధి చివర మెస్సు నుంచి తెచ్చుకున్నాను."

"తెప్పించుకున్నారా?"

"తెచ్చుకున్నాను."

"మెట్లున్నాయి కదండీ. ఈ పొద్దున కూడా నేనూ వాచ్‌మన్ తాతారావూ చెరో పక్కా పట్టుకుంటే గానీ దిగలేదు మీరు."

"పంతొమ్మిది మెట్లు. కర్ర పట్టుకుని, గోడ పట్టుకుని, నెమ్మదిగా దిగాను. తాతారావు చూశాడు. నీతో అనొద్దన్నాను."

"అందుకా వాడు పొద్దున్న నా మొహం చూడకుండా మీ భుజం పట్టుకున్నాడు? ఏమండీ, నడిచారా మీరు? నిజంగా? ఒక్కరే? దేవుడా, నేను వెళ్తే గానీ రాలేదా ఆ నడక? ఆరు రోజుల్లో..."

"ఆరు రోజుల్లో రాలేదు."

"మరి?"

"దసరా వెళ్ళిన వారం. నువ్వు ఆఫీసుకెళ్ళాక మంచం కోడు పట్టుకుని లేచి చూశాను. నిలబడ్డాను. దీపావళికి వంటింటి దాకా వెళ్ళాను. ఇక్కడ డాక్టర్‌కి తెలుసు. నీకు నేనే చూపిస్తానని చెప్పి ఆయన నోరు కట్టేశాను. నిన్ను లోపలికి రావద్దన్నది అందుకే."

"ఇది ఫిబ్రవరి."

"ఔను."

"ఫిబ్రవరండీ. డిసెంబర్లో మిమ్మల్ని లేపబోతే నా నడుము పట్టేసింది. వారం రోజులు బెల్టు కట్టుకుని ఆఫీసుకెళ్ళాను. అప్పుడు కూడానా?"

"అప్పుడు కూడా."

"తెల్లవారుజామున నేను తిప్పుతుంటే?"

"మెలకువగానే ఉండేవాడిని. నాకు నేను తిరగగలను."

"కళ్ళు మూసుకుని, నా మీద బరువంతా వేసి..."

"ఔను వల్లీ."

"ఆరు రోజుల అబద్ధానికి నేను చచ్చిపోతున్నాను. రైల్లో పక్క సీటావిడ ఒంట్లో బాలేదా అమ్మా అని అడిగింది. అలా ఉంది నా మొహం. మీరు నాలుగు నెలలు ఎలా ఉండగలిగారండీ? నేనలా ఒంగి లేపుతుంటే, కిందనుంచి నా మొహం చూస్తూ ఎలా ఉండగలిగారు?"

"చూసేవాడిని కాదు."

"మల్లేశ్వరరావు అంకుల్! రాండ్రి, మీ నంబరొచ్చింది. బండి గాడనే ఉండనీండ్రి, మొన్న వచ్చినట్టే నడుచుకుంట రాండ్రి."

"వస్తారమ్మా మనస్వినీ. రెండు నిమిషాలు. ఏమండీ, లేవొద్దు. ఎందుకు దాచారో చెప్పి లేవండి."

"పిలుస్తోంది కదా, వచ్చాక..."

"ఇప్పుడే. నేను నాది మొత్తం చెప్పాను. ఐస్‌క్రీమ్‌తో సహా చెప్పాను."

"ఒంట్లో బాగున్నన్నాళ్ళూ దుకాణం కట్టేసి పదింటికి వచ్చేవాడిని వల్లీ. నువ్వు అన్నం మీద మూత పెట్టి పడుకునేదానివి. ఇరవై రెండేళ్ళు అలాగే గడిచిపోయింది, మనం ఏం మాట్లాడుకున్నామో నాకొక్కటీ గుర్తులేదు. నేను మంచాన పడ్డాకే కదా, వీపు రుద్దుతూ నువ్వు కబుర్లు చెప్పడం మొదలెట్టావు. ఎవరికి ట్రాన్స్‌ఫరైంది, ఎవరి కూతురు ఎవరితో వెళ్ళిపోయింది, ఆఫీసర్ ఏమన్నాడు, నువ్వేమన్నావు... నేను లేచి నిలబడితే ఆ కబుర్లు ఆగిపోతాయని లేవలేదు."