పరిగెత్తిన సంచి

ఏంటీ, మా అక్కకి ఇంగ్లీషు రాదా? ఎవడు చెప్పాడ్రా నీకు? మీ మావయ్యేనా? వాడి మొహం! ముందు ఆ నవ్వు ఆపి ఇలా కూర్చో.

ఆవిడ ఇంగ్లీషు టీచరురా. కుండపోత వానని ఇంగ్లీషువాళ్లు కుక్కలూ పిల్లులూ కురుస్తున్నాయంటారు కదా, గొడుగు కావాలా అక్కా అని నేనడిగితే కిటికీలోంచి చూసి, "ఇంకా పిల్లులేరా, కుక్కలు మొదలవ్వలేదు" అనేది. క్లాసులోనూ అంతే. ఆఁ, ఏం చెప్తున్నాను... ఆ, రహస్యం బయటపెట్టడాన్ని సంచిలోంచి పిల్లిని వదలడం అంటారు. అది శుభ్రంగా నేర్పింది. తర్వాత ఓ వాగుడుకాయ పిల్లని చూపించి, "ఈవిడ వదిలితే పిల్లి ఒక్కటే రాదు, వెనకాలే సంచి కూడా పరిగెత్తుకొస్తుంది" అంది, ఇంగ్లీషులోనే. క్లాసంతా గొల్లుమంది. అసలు మాట తెలిస్తేనే కదరా వంకర మాటకి నవ్వొచ్చేది!

ఆ రోజు తనిఖీకొచ్చిన ఇన్‌స్పెక్టరు వెనక బెంచీలో కూర్చున్నాడు. నవ్వలేదు. లేచి, గొంతు సవరించుకుని, "మేడమ్, సంచి పరిగెత్తదు" అన్నాడు. పిల్లల ముందు! అక్క, "అవునండీ, అందుకే నవ్వారు" అంది. అంతే, మహానుభావుడికి ఎక్కడ లేని కోపం వచ్చింది. ఈమెకి భాష రాదు, ఇంగ్లీషు క్లాసు నుంచి తీసేయండన్నాడు. హెడ్మాస్టరు చేతులు నలుపుకుంటూ వచ్చి, "నోరు జారానని ఒక్క మాట అనేయండమ్మా, నేను సర్దేస్తాను" అన్నాడు. అక్క ఏమందో తెలుసా? "నేనన్నది తప్పని ఒప్పుకుంటే, ఆ పిల్లలంతా ఏమీ తెలీక నవ్వినట్టవుతుంది. వాళ్లకి తెలిసే నవ్వారు" అంది.

కుట్టు క్లాసుకి మార్చారు! రిటైరయ్యేదాకా గుండీలు కుట్టించింది. వీడ్కోలు సభలో ఆ హెడ్మాస్టరే, "వారి కుట్టుపని అద్భుతం" అంటాడా! నాకు ఒళ్లు మండి లేచొచ్చేశాను. ఆవిడ మాత్రం దండ వేయించుకుని వచ్చింది.

చివర్లో పక్షవాతం వచ్చి కాళ్లు పడిపోయాయి. పోవడాన్ని ఇంగ్లీషులో బకెట్ తన్నడం అంటారు, తెలుసుగా? ఆస్పత్రిలో నేను ఏడుస్తుంటే నా చెయ్యి పట్టుకుని, "ఎందుకురా కంగారు, నా కాలు లేవదుగా. ఆ బకెట్‌నే వచ్చి నన్ను తన్నమను" అంది. ఫక్కున నవ్వేశానురా. ఏడుస్తూనే. నవ్వానని ఆవిడ ఎంత మురిసిపోయిందో... తెల్లారేసరికి...

ఆ ఫ్యాను కాస్త తగ్గించు.