ఖాళీ పలకలో అయస్కాంతం

కొలతల గది తలుపు దగ్గరగా వేసి ఉంది. రేపు థీసిస్ ఇవ్వాల్సిన పరిశోధక విద్యార్థిని మిషన్ పక్కన నిలబడి ఉంది. ఎదురుగా ఆమె గైడు తాపీగా కళ్లజోడు తుడుచుకుంటున్నాడు.

“మళ్లీ చెప్పు, దేన్ని కొలిచావ్?”

“ఖాళీ పలకని సార్.”

“ఖాళీదా?”

“ఖాళీదే. మన మాంగనీస్ ఆక్సైడ్ పూత కాదు కదా, ఏ పూతా వెయ్యని గోరంత పలక. అయినా అయస్కాంతమే.”

“అబ్బే, మిషన్‌లో ఏదో...”

“మూడుసార్లు కొలిచాను.”

“ఖాళీదాన్ని కొలవమని నీకెవరు చెప్పారమ్మా?”

“మీరడగాల్సింది అదేనా సార్?”

“సరే సరే, కోప్పడకు. మన పూతలో రెండు దశలు కలగాపులగంగా ఉంటాయి కదా. కొంతచోట అయస్కాంతం, కరెంటు పారుతుంది. కొంతచోట పారదు...”

“అది నిజమే. చల్లబరిస్తే గ్రాఫులో గీత ఒక దారి, వేడిచేస్తే ఇంకో దారి. ఆ కరెంటు గీతలు నిజమని నేను ఒట్టేస్తాను. కానీ గది వేడికి ఆ అయస్కాంతం చచ్చిపోవాలి. చావలేదని నా సీనియర్ అక్క పేపర్లో రాశారు మీరు. దాన్ని పట్టుకుని నా మూడో అధ్యాయమంతా నేను రాశాను.”

“ఈ ల్యాబ్‌కి పేరు తెచ్చిందే ఆ పేపరు.”

“పేరు తెచ్చింది పలకలు పట్టుకునే ట్వీజర్ సార్! స్టీలు ట్వీజర్‌తో పలక అంచు పట్టుకుంటే అంటుకునే ఇనప రజను. ప్లాస్టిక్ దాంతో పట్టుకుంటే ఏమీ లేదు. సున్నా.”

“మెల్లగా.”

“ఛీ! నాలుగేళ్లు. నాలుగేళ్లు ట్వీజర్ మురికికి సిద్ధాంతం రాశాను. తలచుకుంటే ఒళ్లంతా కంపరం పుడుతోంది.”

“ముందు రేపు థీసిస్ ఇచ్చెయ్. తర్వాత చూద్దాం.”

“ఏం చూస్తారు?”

“మూడో అధ్యాయం దాకా చదివేదెవరమ్మా?”

“రోతగా ఉంది సార్ మీ మాట వింటుంటే. ఇదిగో, మీ సొరుగులో దొరికిన డబ్బా. మూత మీద ఏముందో చదవండి.”

“కళ్లజోడు...”

“చేతిలోనే ఉంది.”

“... ‘ఖాళీ పలక. స్టీలు ట్వీజర్. మళ్లీ కొలవొద్దు.’ ఎప్పటిదో ఇది.”

“తారీకు కూడా ఉంది. అక్క పేపరు పంపడానికి నెల ముందు. అంటే మీకు ముందే తెలుసు.”

“నేను రాశానని ఎందుకనుకుంటున్నావ్?”

“మీ సొరుగు, మీ డబ్బా! పాపం, పేపరు మీద అక్క పేరు ముందు పెట్టి ఆవిడనీ ఈ బురదలోకి లాగారు. నాకు ఇక్కడ అన్నీ నేర్పింది ఆవిడే. పలక ఎలా పట్టుకోవాలో చెయ్యి పట్టుకుని మరీ చూపించింది.”

“ఏ ట్వీజర్‌తో చూపించింది?”

“... మాట మార్చకండి. డబ్బా ఫొటో తీసి అక్కకి పంపాను. ఆవిడ ఊరుకోదు.”

“పంపావా? ఎప్పుడు?”

“ఇందాకే. భయమేస్తోందా?”

“నా గురించి కాదమ్మా.”

“మరెవరి గురించి?”

“నీ ఫోను మోగింది.”

“అక్కే. మెసేజ్ పెట్టింది.”

“ఏమంది?”

“ఆగండి, చదువుతున్నా.”

“చెప్పు, ఏమంది?”

“‘ఆ డబ్బా సార్ ఇంకా పారెయ్యలేదా?’ అంది.”