ఆవిడకు చెప్పింది, నాకు చెప్పలేదు

నా పేరు పైన రాసుకున్నారు. వయసు డెబ్బై ఒకటి. ఇనుప గేట్లు, కిటికీ గ్రిల్స్ చేయడం నా పని. వెల్డింగ్ ఇప్పటికీ నేనే చేస్తాను. ఒక్కతే కూతురు. తల్లి పోయాక నేనే పెంచాను, జడ కూడా నేనే వేశాను. ఎస్సై గారు అడిగారు కాబట్టి చెబుతున్నాను. నాకు ఎవరూ నేర్పి పంపలేదు. నాకు నేర్పేవాడు ఇంకా పుట్టలేదు.

సోమవారం పొద్దున పది గంటలప్పుడు అల్లుడు షాపుకు ఫోన్ చేశాడు. మీ అమ్మాయి బాత్రూములో జారిపడింది, చెయ్యి వాచింది అన్నాడు. ఆసుపత్రికి వెళ్లాను. కట్లు కట్టే గదిలో కూర్చుని ఉంది. ఎలా పడ్డావని అడిగాను. "జారాను నాన్నా" అంది. నాతో అంటూ మొగుడి వైపు చూసింది. నేను నమ్మాను. కూతురు చెబితే నమ్మక ఏం చేస్తాను?

అప్పుడు ఆ నర్సు వచ్చింది. నలభై దాటిన మనిషి. పొట్టిగా ఉంటుంది, గొంతు మాత్రం పెద్దది. నా కూతురి చేతికి చిన్న డబ్బా ఇచ్చి, మూత్రం పరీక్ష చేయాలి రమ్మంది. అల్లుడు కూడా లేచాడు.

"ఆడవాళ్ల బాత్రూమయ్యా, నువ్వెక్కడికి?" అంది.

"చెయ్యి వాస్తే మూత్రం ఎందుకమ్మా?" అని నేనడిగాను.

"గేట్లు చేస్తారటగా పెద్దాయనా. గడియ ఎక్కడ పెట్టాలో నేనెప్పుడైనా చెప్పానా?"

అక్కడున్న రోగులందరూ నవ్వారు. ఈ వయసులో నన్ను నలుగురిలో నవ్వులపాలు చేసింది.

వాళ్లిద్దరూ చాలాసేపు రాలేదు. వచ్చేసరికి కూతురు ముఖం కడుక్కుని ఉంది. కళ్లు ఎర్రగా ఉన్నాయి. డబ్బా ఖాళీగానే ఉంది. నర్సు తెల్లకోటు అంచు పట్టుకుని నడుస్తోంది. చిన్నప్పుడు నా చొక్కా అంచు అలా పట్టుకునేది. నేను దగ్గరకెళ్లి భుజం మీద చెయ్యి వేస్తే పక్కకు జరిగింది. ఇది కూడా రాసుకోండి. నేను చెయ్యి వేస్తే జరిగింది.

అల్లుడు చెయ్యి మెలితిప్పాడని, అది మొదటిసారి కాదని ఆ బాత్రూములో ఆవిడకు చెప్పిందని తర్వాత తెలిసింది. పెంచిన నాకు చెప్పలేదు. అప్పుడే ముఖం చూసిన మనిషికి చెప్పింది.

ఆ రాత్రికి ఆడవాళ్ల వార్డులో ఉంచాలన్నారు. మగవాళ్లు లోపలికి రాకూడదట. అల్లుడు ఇంటికెళ్లి పడుకున్నాడు. నేను వరండాలో బల్ల మీద పడుకున్నాను. తెల్లవారాక కూతురు, నర్సు కలిసి వెనక గేటు వైపు నడిచి వెళ్లడం చూశాను. ఇంకో ఎక్స్‌రేకి అనుకున్నాను. కూతురే ముందు నడిచింది, ఆవిడ వెనక నడిచింది. ఆటో దగ్గర ఆవిడ ఏదో అడిగింది. కూతురు తల ఊపి తనే ఎక్కింది.

తర్వాత చూస్తే మంచం ఖాళీ. "మామయ్యా, ఎటు వెళ్లిందో చూశారా?" అని అల్లుడు అడిగాడు. చూడలేదన్నాను. ఎందుకలా అన్నానో నాకే తెలియదు.

నర్సు తన భార్యను ఎత్తుకుపోయిందని అల్లుడు కాగితం రాయించాడు. "తండ్రిగా మీరో సంతకం పడేస్తే దాని ఉద్యోగం ఊడుతుంది మామయ్యా" అన్నాడు. నాకు సంతోషం వేసింది. దాచను. అయితే ముందు ఆవిడ నోటితోనే విందామని మధ్యాహ్నం ఆ కట్లు కట్టే గదికి వెళ్లాను. అల్లుణ్ణి బయట నిలబడమన్నాను.

"నా కూతురెక్కడ?"

"క్షేమంగా ఉంది."

"ఎక్కడని అడిగాను."

"చెప్పొద్దంది."

"మొగుడికి చెప్పొద్దని ఉంటుంది. నేను తండ్రిని."

"ఇద్దరికీ అంది పెద్దాయనా. మీకు చెబితే మీరు ఆయనకి చెప్పేస్తారట. ఇదివరకు మీ ఇంటికొస్తే మీరే బండి మీద తీసుకెళ్లి ఆయన దగ్గర దింపొచ్చారటగా."

"దింపక నెత్తిన పెట్టుకుంటారా? నా బిడ్డ సంగతి నువ్వు నాకు చెబుతావా?"

"నేను చెప్పట్లేదు. తను చెప్పింది."

బల్ల మీద గుద్దాను. ఆ చప్పుడుకు అల్లుడు లోపలికొచ్చాడు. "మర్యాదగా అడిగితే చెప్పే రకమా ఇది?" అంటూ ఆవిడ మణికట్టు పట్టి మెలితిప్పాడు. నా కూతురికి వాచింది అక్కడే. వాడు తడబడలేదు, ఎక్కడ పట్టుకోవాలో వెతుక్కోలేదు. నేను చేతులతో బతికేవాణ్ణి. ఏ పనికి అలవాటైన చెయ్యో చూస్తే తెలుస్తుంది. ఆవిడ అరవలేదు. "వదులు" అని మాత్రం అంది.

కట్ల సామాను పెట్టే స్టీలు ట్రే తీసి వాడి తల మీద కొట్టాను. మళ్లీ కొట్టాను. తల పగిలింది. నర్సు మనుషులు కొట్టారని అల్లుడు చెప్పింది అబద్ధం. కొట్టింది నేను. నేనొక్కణ్ణే.

ఆవిడ నన్ను పక్కకు నెట్టి, వాపెక్కుతున్న చేత్తోనే వాడికి కట్టు కట్టింది. నాకు మాత్రం ఒక్క మంచి మాట చెప్పలేదు. "ఇది ఆసుపత్రి. బయట కూర్చోండి" అంది. వెళ్లి కూర్చున్నాను.

నా కూతుర్ని ఎవరూ ఎత్తుకుపోలేదు. తన కాళ్ల మీద తను వెళ్లింది, నేను కళ్లారా చూశాను. అల్లుడి కాగితం మీద నేను సంతకం పెట్టను. నా బిడ్డ ఎక్కడుందో మీకు తెలిసినా నాకు చెప్పకండి. చెబితే రేపే వెళతాను, వాడు నా వెనకే వస్తాడు. ఒక్కటి మాత్రం దానికి చెప్పించండి. వాణ్ణి కొట్టింది నాన్న అని. ఆ నర్సు చేత వద్దు. ఆవిడ చెబితే అందులోనూ ఆవిడే గొప్పదవుతుంది. మీ కానిస్టేబుల్ చేత చెప్పించండి.

రైటరు గారు ఇదంతా చదివి వినిపించారు. నేనన్నదే ఉంది. కలిపింది లేదు, తీసింది లేదు. అంతా నిజం. వేలిముద్ర వద్దు, నాకు సంతకం వచ్చు. కూతురు నేర్పింది.

(సంతకం)