తాసిలాపీసు అంటుకున్న బోనాల నాడు

"అమ్మమ్మా, మెట్రో స్టేషన్ పక్కన పాత సర్కారు ఆఫీసు ఒకటి కాలిపోయిందట గదా. తాత అండ్లనే పనిచేసిండట?"

అవునే బిడ్డ. జర ఆ ఫ్యాను తగ్గియ్యి, నా మాట నాకే ఇనొస్తలేదు. ఆఁ, గదే, తాసిలాపీసు. ఇప్పుడు బట్టల షాపు లేదా, గక్కడ. నిజాం కాలం కట్టడం, టేకు దూలాలు, పైన పెంకులు. చుట్టుపక్కల ఊర్ల భూముల కాయిదాలన్ని అండ్లనే. నల్లగొండ దిక్కుకెళ్లి మేం ఒచ్చిన కొత్తల నీ తాతకు అండ్ల వాచ్‌మన్ నౌకరి దొరికింది. సర్కారు నౌకరంటె మాటలా? మా అత్త ఊరంత చెప్పుకున్నది. చంపాపేట్ల ఒక్క అర్ర, కిరాయి నలభై... కాదు కాదు, నలభై మలక్‌పేటల ఉన్నప్పుడు. చంపాపేట్ల అరవై. సరే, అది ఇడిసిపెట్టు.

అది కాలిన నాడు ఆదివారం, బోనాలు. ఆపీసు బంద్ ఉంటది గని వాచ్‌మన్‌కు బంద్ యాడిది? పొద్దుగాల్నే డ్యూటీకి పోయిండు నీ తాత. పెండ్లయిన కాడికెళ్లి నేను బోనమెత్తంగ ఒక్కసారి సూడలే ఆ మనిషి. ఏ ఏడు సూసినా డ్యూటీయే. నాకు కోపమే ఉండె, అబద్ధమెందుకు.

పగటీలి బోనమెత్తుకొని ఎల్లినం. నీకెరికే గదా, ఇంట్ల నెత్తికెత్తినంక గుడి కాడ్నే దించాలె, నడుమ భూమ్మీద పెట్టొద్దు. ముంగట డప్పులు, పక్కకు మా అత్త. మలుపు తిరిగినమో లేదో, పొగ. నేను ఊదు పొగనుకున్న. జరంత ముంగటికి పోతె ఆపీసు కప్పు మీదికెళ్లి మంటలు! కరెంటు వైర్లు అంటుకున్నయని తర్వాత చెప్పిన్రు. గేటుకు తాళముంది. జనమంత "వాచ్‌మన్ లోపట్నే ఉన్నడు" అని ఒర్లుతున్నరు.

మా అత్త ఏడుస్తనే ఉన్నది, ఏడుస్తనే "దించకే, దించకే, అరిష్టమే" అంటది. లోపటున్నది ఆమె కొడుకే గదా, ఆమెనేమనాలె? భయమది. నేను దించిన. నడి రోడ్డు మీద దీపంతోని సహ పెట్టి, గేటు దిక్కు ఉరికిన.

ఎనకకెళ్లి ఎవరో రెక్క వట్టి గుంజిన్రు. "బోనం కింద పెట్టినవేందే, పిచ్చి లేసిందా?"

ఎవరనుకున్నవ్? నీ తాత! ఆపీసుకు తాళమేసి, నేను బోనమెత్తంగ సూడాలని ఒచ్చిండట. వాళ్లమ్మకు కనవడకుండ మా ఎనకనే జనంల నడుస్తున్నడట. నా చేతిల వేపమండలుండె, వాటితోనే కొట్టిన. అందరి ముంగట, ఏడ్సుకుంట కొట్టిన.

ఫైరింజను ఒచ్చింది గని ఏం లాభం, సందు నిండ జనమే. గోడలు మిగిలినయి. పాపం రైతులు, కాయిదాల కోసం ఎన్నేండ్లు తిరిగిన్రో.

తెల్లారి పెద్దసార్లు అడిగిన్రు, యాడున్నవని. లోపట్నే ఉంటి, పొగకు గోడ దుంకితి అని చెప్పుమని బస్తీ అంత నేర్పిన్రు. ఈయన పొయ్యి "బోనం సూడవోయిన సార్" అన్నడు. గంతే, నౌకరి పోయింది. ఇంక ముసలోడయ్యేదాక ఆటోనే తోలిండు. ఇది బోనం కింద పెట్టింది, అమ్మవారు నౌకరి తీసింది అన్నరు బస్తీల. మా అత్త సచ్చేదాక అన్నది. నేనేమంటనంటె, డ్యూటీల ఉంటె అగ్గిల ఉంటుండె గదనే మనిషి. అమ్మకు కోపమొస్తె ఆయన్ని నాకు ఇడుస్తదా?

కోపమొచ్చేది నాకే, కిరాయి కట్టేటప్పుడు. "ఒక్క అబద్ధమాడితె ఏం పోయె" అనేదాన్ని. "నా పెండ్లాన్ని సూడవోయిన అని చెప్పనీకె సిగ్గెందుకే" అంటడు. ఏమనాలె చెప్పు గసొంటోన్ని?

అగో, లోపల గురక వెడుతుండు సూడు. సరే పో బిడ్డ, సదువుకో. సల్లగుండు. నౌకరి పోయినా పాయె అని నిన్ను సూడొచ్చేటోడు దొరకాలె నీకు... ఆఁ, నౌకరి గూడ ఉండాలె గని.