కోర్టుకు ముందున్న గది

అధ్యక్షస్థానంలో ఉన్న న్యాయమూర్తి గారికి, నన్ను ఇన్నేళ్ళు ఓపికగా భరించిన పెద్దలకు, నాతోపాటు తిట్లు పంచుకున్న సహోద్యోగులకు, వెనక తలుపు దగ్గర కూర్చున్న నా పాత కేసులకు నమస్కారం. తలుపు దగ్గరే ఎందుకు కూర్చున్నారో నాకు తెలుసు. ఇవాళ ఎవరూ పారిపోనక్కర్లేదు, ముందుకు రండి. (నవ్వులు)

ఉద్యోగ విరమణ రోజు కదా అని ఇందాకటి నుంచి అందరూ నన్ను పొగుడుతున్నారు. అందులో సగం ఆ గోడవైపు కూర్చున్న కళ్ళజోళ్ళ దుకాణం అక్కయ్యకు చెందాలి. ఆవిడ అనుమతితోనే ఈ సంగతి చెబుతున్నాను.

చిన్న వయసులో మొదటిసారి నేరం చేసి పట్టుబడినవాళ్ళను వెంటనే కోర్టుకు పంపకుండా, నష్టపోయిన మనిషి ఎదుట కూర్చోబెట్టి మాట్లాడించే పద్ధతి మేము మొదలుపెట్టిన కొత్తలో, దొంగలకు టీ పోసి పంపే ఆఫీసని జనం మమ్మల్ని చూసి నవ్వేవారు. అప్పుడే, బడి మానేసిన ఒక అమ్మాయి, ఇంట్లో అందరూ పిడుగు అని పిలిచే పిల్ల, స్నేహితులతో పందెం కట్టి అక్కయ్య దుకాణం అద్దం పగలగొట్టి లోపల దూరింది. తీసుకెళ్ళడానికేమీ దొరక్క, ఆ ఉక్రోషంలో, ఇవ్వడానికి సిద్ధంగా పెట్టిన కళ్ళజోళ్ళన్నీ కింద పడేసి తొక్కింది.

అక్కయ్య మా గదిలోకి వస్తూనే, తాను క్షమించడానికి రాలేదని, కేసు కోర్టుకే పంపమని సంతకం పెట్టి వెళ్ళిపోతానని చెప్పారు. పిల్ల కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది. నాకు తెలిసిన మాటలన్నీ వాడాను. ఒక్కటీ పనిచేయలేదు. ఇక లేద్దామనుకుంటుండగా, ఆస్పత్రిలో దుప్పట్లుతికే వాళ్ళమ్మ, పిల్ల పక్కన కూర్చున్న మనిషి, అక్కయ్య వైపు తిరిగింది.

"మీకు జరిగింది అన్యాయమేనమ్మా, కాదనను. దీని అన్న ఇంతకంటే చిన్న తప్పు చేశాడు. ఎవరిదో సైకిల్ ఎత్తుకుపోయాడు. అప్పుడు ఈ గది లేదు, వాణ్ణి బాలనేరస్థుల హోముకు పంపారు. వెళ్ళేటప్పుడు వాడికి అబద్ధమాడడం కూడా సరిగ్గా చేతకాదు. తిరిగొచ్చాక వాడు నిజం చెప్పినా కన్నతల్లినైన నాకే నమ్మబుద్ధి కాలేదు. ఇప్పుడు జైల్లో ఉన్నాడు."



 

అక్కయ్య సంతకం పెట్టలేదు. తొక్కినవి ఎవరివో తెలుసా అని పిల్లనడిగారు. తెలియదంది. "అయితే నాతో రా. వాళ్ళ కళ్ళజోడు ఎందుకు రాలేదో ఇంటింటికీ వచ్చి నువ్వే చెప్పు" అన్నారు. ఆ ఆలోచన నాది కాదు, ఏ నిబంధనల్లోనూ లేదు.

వాళ్ళ వెనకే నేనూ వెళ్ళాను. చూపు ఆనక పని మానుకుని ఇంట్లో ఉన్న బస్సు డ్రైవరు గుమ్మంలోనే నిలబెట్టి చెడామడా తిట్టాడు. పిల్ల తల వంచుకుని వింది. బట్టలు కుట్టుకుని బతికే ఒక ముసలావిడ మాత్రం తిట్టలేదు. సూదీ దారం చేతికిచ్చి, "వచ్చావుగా తల్లీ, ఇది ఎక్కించి వెళ్ళు" అంది.  దారం ఎంతకీ ఎక్కలేదు. చివరికెలాగో ఎక్కించి, బయటికొచ్చి మెట్ల మీద కూర్చుని ఏడ్చింది. పోలీసులు పట్టుకున్నప్పుడు కూడా ఏడవని పిల్ల.

ఆ తర్వాత అంతా సాఫీగా సాగిందంటే అక్కయ్య ఇక్కడే నన్ను నిలదీస్తారు. అక్కయ్య ఆ పిల్లను తన దుకాణంలోనే పనికి పెట్టుకున్నాక, చెప్పకుండా ఎగ్గొట్టిన రోజులున్నాయి. అక్కయ్యే వెళ్ళి రెక్క పట్టుకుని లాక్కొచ్చిన రోజులున్నాయి. ఇప్పుడక్కడ అద్దాలు అరగదీసి బిగించేది ఆ అమ్మాయే.

పోయిన ఏడాది వాళ్ళన్న విడుదలై మా ఆఫీసుకు వచ్చాడు. చెల్లెలు ఎక్కడ కూర్చుందని అడిగాడు. చూపించాను. వెళ్ళి ఆ కుర్చీలో కూర్చున్నాడు. ఎవరినీ నిందించలేదు. లేవబోతూ మాత్రం అన్నాడు: "ఆ సైకిలాయన ఎవరో నాకిప్పటికీ తెలీదు మేడమ్. ఇప్పుడు తప్పయిందని చెప్పాలంటే ఎవరి దగ్గరికెళ్ళాలి?"

 

నా కుర్చీలోకి వస్తున్న తమ్ముడూ, ఆ గది తాళం నీకిస్తున్నాను. పిల్లలను త్వరగా పిలువు. తప్పయిందని చెప్పుకోవడానికి ఎదుట ఒక మనిషి ఉన్నప్పుడే పిలువు.

ఇంతసేపు విన్నందుకు మీ అందరికీ కృతజ్ఞతలు. సెలవు.